విరిగిన స్పోక్ గారికి సంజాయిషీ నోటీసు

నా సైకిల్ వెనక చక్రంలో, ఫ్రీవీలు (చైను తిప్పే పళ్ల చక్రం) వైపు డ్యూటీలో ఉండి, ముందస్తు సమాచారం లేకుండా విరిగిన స్పోక్ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టే వీల్లేదు. తమరు రెండు ముక్కలు, నా చక్రం అష్టవంకర్లు.

క్యారియర్ మీద పాతిక కిలోల బియ్యం బస్తా ఉందని తెలిసి కూడా, 'టింగ్' అని ఒక్క ముక్క చెప్పి సర్వీసులోంచి తప్పుకున్నారు. లాగేవాళ్లు ఒకరు తగ్గేసరికి రిమ్ము ఎడమకి జరిగి, తిరిగిన ప్రతి చుట్టుకీ బ్రేకు రబ్బరుకి రాసుకుంటూ నా రాకను వీధంతా చాటింది. ఊగుతున్న తమరి మొండేన్ని పక్క స్పోకుకి మెలిపెట్టి చుట్టి, బ్రేకు వదులు చేసి, సైకిల్‌ని నడిపించుకుంటూ ఇల్లు చేరాను.

గుంత వల్లే విరిగానని తమరి వాదన. చెల్లదు. మన రోడ్ల మీద గుంతలు పర్మినెంట్ ఉద్యోగులు, ఇన్నాళ్లూ వాటితోనే కలిసి పనిచేశారు. పైగా విరిగింది నడుము దగ్గర కాదు, చక్రం నడిమధ్య ఉండే హబ్బులో దూరే చోట, మెడ వంపులో. అది ఒక్క దెబ్బకు విరిగే చోటు కాదు, లోహం అలిసిపోయి తెగే చోటు. చక్రం తిరిగినప్పుడల్లా అడుగుకి వచ్చిన స్పోక్ బిగువు కాస్త సడలుతుంది, పైకి వెళ్లగానే మళ్లీ బిగుస్తుంది. 28 అంగుళాల చక్రం కిలోమీటరుకు దాదాపు 450 చుట్లు తిరుగుతుంది. రోజూ బజారుకీ ఆఫీసుకీ లెక్కేసుకుంటే, ఉక్కు మెడైనా ఎన్నాళ్లని ఓర్చుకుంటుంది?

ఇక తమరి సహోద్యోగుల సంగతి. పాతకాలం సైకిళ్లలో ముందు చక్రానికి 32 మంది, బరువంతా పడే వెనక చక్రానికి 40 మంది. 1874లో ఇంగ్లండులో జేమ్స్ స్టార్లీ మిమ్మల్ని హబ్బు నుంచి ఏటవాలుగా, ఒకరినొకరు దాటుకుంటూ వెళ్లేలా అల్లింది తొక్కే జోరు అందరూ పంచుకోవాలనే. పంచుకున్నారా? నిన్న ఒక్కొక్కరినీ వేలితో మీటి చూశాను. కొందరు 'టింగ్' అన్నారు. తమరికి అటూ ఇటూ ఉన్న ఇద్దరు మాత్రం 'టప్' అన్నారు. అంటే హాజరు పట్టీలో ఉన్నారు, పనిలో లేరు. వాళ్లు మొయ్యని బరువు ఎవరి మెడ మీద పడిందో చెప్పడానికి కమిటీ వెయ్యక్కర్లేదు.

అయినా కమిటీ వేశాం. సైకిల్ షాపులో. "ఒక్క స్పోకే గదా సార్, దీనికోసం ఫ్రీవీలు విప్పడం ఎందుకు?" అని, మెకానిక్ కొత్తాయన్ని వంచి, సందులోంచి రంధ్రంలోకి దూర్చి, రిమ్ము దగ్గర నిపుల్ అనే చిన్న నట్టు బిగించి, చక్రం గిర్రున తిప్పి "బెండు పోయింది చూడండి" అన్నాడు. నిజంగానే పోయింది. అలా వంచి పెట్టిన చువ్వ బరువు పడేకొద్దీ సాగి వదులవుతుందనేది రేపటి మాట. స్పోకులు బిగించే కీ పట్టుకుని పావు చుట్టు, అర చుట్టు చొప్పున అందరినీ ఒక బిగువుకి తెస్తే గంట పని. దానికి ఎవరూ డబ్బులివ్వరు. విరిగినది కంటికి కనబడుతుంది, దాన్ని మార్చడానికి ఇస్తారు. ఆయన తప్పేముంది?

కావున, విరిగిన నేరం పూర్తిగా తమరిదేననీ, వదులుగా ఉన్న ఇద్దరి సేవలూ యథాతథంగా కొనసాగుతాయనీ ఇందుమూలంగా తెలియజేయడమైనది. తమరి స్థానంలో చేరిన కొత్తాయనకి ప్రొబేషన్ లేదు. నేరుగా ముగ్గురి పని అప్పగించాం.

ఇట్లు,
సీటు మీద కూర్చునే అధికారి

తా.క.: తమరి సంజాయిషీ ఏడు రోజుల్లోగా అందాలి. రెండు ముక్కలూ విడివిడిగా సంతకం చేయవలెను.