నాకలోకం తప్పు కాదు

ఈ ఉగాదికి ఇక్కడ, పరాయి దేశంలో, మన తెలుగు సంఘం పెట్టిన పిల్లల సామెతల పోటీలో న్యాయనిర్ణేతల బల్ల దగ్గర కూర్చున్న ముగ్గురిలో నేనొకదాన్ని. మాట్లాడాల్సిన చోట నేను మాట్లాడలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ఆ రోజు సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. పంచాంగ శ్రవణం ఆలస్యంగా మొదలైంది, డ్యాన్సులు ఇంకా ఆలస్యమయ్యాయి. సామెతల పోటీకి వచ్చేసరికి నాలుగున్నర. అయిదింటికల్లా స్కూలు ఆడిటోరియం ఖాళీ చెయ్యాలి. సగం సామెత చెబుతారు, మిగతా సగం పిల్లలు పూర్తి చెయ్యాలి. తొమ్మిదేళ్ల పాప వంతు వచ్చింది. మైకు పట్టుకున్నాయన "నక్కకీ..." అన్నారు. పాప ఆలోచించను కూడా లేదు. "నాకలోకానికీ!" అంది.

హాలంతా గొల్లుమంది. వెనక వరసలో ఎవరో నాలుకతో నాకుతున్నట్టు చప్పుడు చేశారు. జవాబుల కాగితంలో 'నాగలోకానికీ' అని ఉంది. "రాంగ్. నెక్స్ట్!" ఆ పిల్ల పట్టులంగా కుచ్చిళ్లు గుప్పిట్లో బిగించి పట్టుకుని స్టేజీ దిగింది. మూడో వరసలో కూర్చున్న అమ్మమ్మ తల దించుకుంది.

ఆ పాప చెప్పింది ముమ్మాటికీ సరైనదే. నాకం అంటే స్వర్గం. అమరకోశం వల్లె వేసినవాళ్లకి మొదట్లోనే వస్తుంది: "స్వరవ్యయం స్వర్గ నాక త్రిదివ త్రిదశాలయాః". అన్నీ స్వర్గం పేర్లే. ఊరవతల తుప్పల్లో తిరిగే నక్క ఎక్కడ, దేవతలుండే లోకం ఎక్కడ! "నక్క ఎక్కడ, దేవలోకం ఎక్కడ" అని ఇంకో సామెత కూడా ఉంది మనకి. ఇళ్లల్లో నాకం అనే మాట వాడటం మానేశాం. దాని పోలికలోనే ఉన్న నాగలోకం వచ్చి ఆ ఖాళీలో కూర్చుంది.

నాగలోకం అనేవాళ్లది తప్పని నేననను. మా నాన్న జీవితమంతా అలాగే అన్నారు. పాతాళంలో పాముల లోకం కూడా నక్కకి అందేది కాదుగా, పోలిక చక్కగానే కుదురుతుంది. పదిమంది నోట్లో నలిగిన మాటకి తన విలువ తనకుంటుంది. కాగితంలో రెండూ రాసుకుని ఉంటే సరిపోయేది. అసలు ఆ పాపని "ఎవరు చెప్పారమ్మా నీకు?" అని ఒక్కమాట అడిగి ఉంటే ఇంకా బాగుండేది.

పార్కింగ్ దగ్గర ఆ అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నేను పిల్లకి తప్పు నేర్పానా అమ్మా?" అంది. "లేదు పిన్నిగారూ, మీరు చెప్పిందే అసలుది" అన్నాను. "మరి అక్కడ చెప్పలేదేం?" అని ఆవిడ అడగలేదు. అడిగి ఉంటే నా దగ్గర జవాబు లేదు.

ఇంటికి వెళ్తూ కారులో మా అబ్బాయి అడిగాడు. వాడు పోటీలో "పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు" అని టకటకా చెప్పి మార్కు తెచ్చుకున్నాడు. "అమ్మా, వాత అంటే టాటూ లాంటిదా?"

నాకు ఎనిమిదేళ్లున్నప్పుడు మా ఎర్రెద్దు మెడ మీద కాడి రాసుకుని వాపొచ్చింది. వాతలు పెట్టే తాతని పిలిపించారు. ఆయన కొడవలి కొనని నిప్పుల్లో పెట్టి ఎర్రబడేదాకా కాల్చాడు. నలుగురు ఎద్దుని పగ్గాలతో బిగపట్టారు. చుర్రుమని మూడుసార్లు. కాలిన వెంట్రుకల వాసన ఇప్పటికీ గుర్తుంది. ఎద్దు అరవలేదు, కళ్లు తేలేసింది. నల్లగా మూడు గీతలు మిగిలాయి. నేను ఏడుస్తుంటే నాయనమ్మ ఒళ్లోకి లాక్కుని, "పులికి ఇలాంటి చారలే ఉంటాయి. అది చూసి నక్క తనూ పులినవుతానని వాతలు పెట్టుకుందిట" అంది. ఆ సామెత నాకు అప్పుడు ఒంటికి తగిలింది. ఆ అలవాటు పోయినందుకు సంతోషమే, మూగజీవాన్ని అలా కాల్చడం ఘోరం. కానీ ఆ కొడవలి సంగతి చెప్పకుండా సామెత ఒక్కటే పిల్లల చేతిలో పెడితే వాళ్లకి చివరికి దక్కేది మార్కే.

ఇంకో సంగతి. మన పిల్లలు నక్క బొమ్మ వెయ్యమంటే ఇక్కడి పెరళ్లలో కనిపించే ఎర్ర తోక ఫాక్స్‌ని వేస్తారు. మన నక్క అది కాదు, జాకాల్. ఫాక్స్‌కి దగ్గరిది మన గుంటనక్క. రాత్రిపూట చేల గట్ల మీద ఒకటి ఊళ పెడితే మిగతావన్నీ అందుకునేవి మన నక్కలు. ఆ ఊళ విన్నవాళ్లకే దాని జిత్తుల మీద అన్ని మాటలు ఎందుకు పుట్టాయో తెలుస్తుంది.

అంత జిత్తులమారిని తిట్టే భాషే అదృష్టం కలిసొచ్చినవాడిని "నక్క తోక తొక్కొచ్చావా?" అంటుంది. ఎందుకు? తమిళులు ఇలాంటి సందర్భంలోనే "నక్క మొహం చూసి లేచావా?" అంటారు. సేలం జిల్లా వాళప్పాడి వైపు సంక్రాంతికి నక్కని పట్టి తెచ్చి, దాని మొహం చూస్తే కలిసొస్తుందని ఊరంతా చూసే ఆచారం ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం, అటవీ శాఖ అడ్డుకుంటోంది కూడా. నక్క ఎదురుపడటమే అదృష్టమనే నమ్మకం మాత్రం పాతది. మరి తోక తొక్కడం? నాకు తోచింది ఇది: అడుగు చప్పుడికే మాయమయ్యే జంతువు తోక మన కాలి కింద పడిందంటే అంతకన్నా అదృష్టం ఏముంటుంది? మీకు వేరేలా తోచవచ్చు, మీ ఊళ్లో ఇంకోలా చెప్పి ఉండవచ్చు. ఈ ముచ్చటే పిల్లల ముందు జరగాలని నా ఆశ.

సాంస్కృతిక కమిటీ పెద్దలకి నా మనవి. మీరు పడే కష్టం నాకు తెలుసు. హాలు దగ్గర్నుంచి భోజనాల దాకా మీ నెత్తినే. అయినా వచ్చే ఉగాదికి ఇరవై సామెతలు వద్దు, అయిదు చాలు. ఒక్కోదానికి అయిదు నిమిషాలివ్వండి. పూరించిన పిల్లని "ఇది ఎక్కడి నుంచి వచ్చిందనుకుంటున్నావు?" అని అడగండి. విజిటర్ వీసా మీద వచ్చి, ఆరు నెలలు కిటికీ దగ్గర కూర్చుని వెళ్లిపోయే మన అమ్మమ్మలనీ తాతయ్యలనీ ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టండి. నా కుర్చీ ముందు వాళ్లకివ్వండి.

ఆ అమ్మమ్మ తిరుగు టికెట్ ఆగస్టులో. జులైలో మన పిక్నిక్ ఉంది. ఆ రోజు ఆ పాపని పిలిచి, రావాల్సిన మార్కూ బహుమతీ అందరి ముందూ ఇద్దాం. నాకం అంటే ఏమిటో వాళ్ల అమ్మమ్మ చేతే మైకులో చెప్పిద్దాం. పక్కన నేను నిలబడతాను.