కోర్టు సీన్లు పెంచితే చాలు
అమెరికన్ పోలీస్ సీరియల్ 'లా అండ్ ఆర్డర్: ఎస్‌వీయూ' వచ్చే సీజన్‌లోనైనా ఒకప్పుడు జోడీగా పనిచేసిన డిటెక్టివ్‌లు బెన్సన్, స్టేబ్లర్‌లను ప్రేమలో ఒకటి చేయాలని ఒక అభిమాని రాశారు కానీ, అందులో నేను ఎదురుచూసేది కోర్టు సీన్ల కోసమే. స్టేబ్లర్ 2011లో వెళ్లిపోయి 2021లో తిరిగొచ్చాడు, వాళ్లిద్దరి మధ్య ఉన్నదాన్ని అలా వదిలేస్తేనే బాగుంటుంది. కారిసీ సంగతి చూడండి, డిటెక్టివ్‌గా చేసినవాడు 2019లో ప్రాసిక్యూటర్ (ప్రభుత్వం తరఫు లాయర్) అయ్యాడు, పోలీసులు తెచ్చిన కేసులో ఎక్కడ లొసుగుంటుందో అతనికి చూడగానే తెలిసిపోతుంది. తన పాత టీమ్ రాబట్టిన నేరాంగీకారం చెల్లదని జడ్జి కొట్టేస్తే అతనేం చేస్తాడో ఒక ఎపిసోడ్ మొత్తం చూపించాలి. డిఫెన్స్ లాయర్ బాధితురాలిని గుచ్చి గుచ్చి అడుగుతుంటే కెమెరా ఆమె ముఖం మీదే ఉండాలి, ఇప్పుడేమో గబగబా తీర్పు చెప్పేస్తున్నారు, ఆ టెన్షనే ఉండట్లేదు. ఒకప్పుడు ప్రాసిక్యూటర్‌గా చేసిన బార్బాను ఇంకోసారి డిఫెన్స్ వైపు నిలబెడితే మరీ మంచిది.