సెమినరీలో నేర్చుకున్నది సంఘానికి ఎందుకు చెప్పరు?

హనుమకొండలోనైనా డోర్నకల్‌లోనైనా ఆదివారం చాలా ప్రొటెస్టెంట్ గుళ్లలో, యేసు నేర్పిన పరలోక ప్రార్థన చివర సంఘమంతా ఒకే గొంతుతో "రాజ్యము, బలము, మహిమ నిరంతరము నీవైయున్నవి" అంటుంది. అదే సంఘం చేతిలో ఉన్న బైబిల్ సొసైటీ పాత అనువాదంలో మత్తయి 6:13 తీసి చూడండి. దుష్టుని నుండి తప్పించుము అన్న దగ్గర వచనం ఆగిపోతుంది. ఎవరూ దాన్ని కోసేయలేదు. నాలుగో శతాబ్దపు గ్రీకు చేతిరాత బైబిళ్లయిన సైనాయ్ ప్రతిలో, వాటికన్ ప్రతిలో ఆ స్తుతి లేదు. లూకా 11లోని ప్రార్థనలోనూ లేదు. మొదటి శతాబ్దం చివరలోనో రెండో శతాబ్దం మొదట్లోనో పుట్టిన దిదఖే అనే సంఘ క్రమంలో మాత్రం "బలము, మహిమ" కనిపిస్తాయి, "రాజ్యము" అక్కడా లేదు. తొలి విశ్వాసులు ప్రార్థన ముగిస్తూ పలికిన స్తుతి, నకళ్లు రాసినవారి చేతుల మీదుగా సువార్తలోకి వచ్చి చేరింది.

పాస్టర్లను తయారుచేసే సెమినరీల్లో, సెరాంపూర్ సెనేట్ కింద బి.డి. అనే దైవశాస్త్ర డిగ్రీ చదివిన అయ్యగార్లకు ఇదేమీ కొత్త సంగతి కాదు. పరీక్షల్లో రాసి పాసైన విషయమే. పల్పిట్ ఎక్కాక మాత్రం నోరు మెదపరు. విశ్వాసుల విశ్వాసం దెబ్బతింటుందని భయం. నిజానికి దెబ్బతీస్తున్నది ఆ మౌనమే. కాజీపేట పిల్లవాడు హైదరాబాద్ హాస్టల్లో కూర్చుని యూట్యూబ్ డిబేట్లో ఈ సంగతే మొదటిసారి వింటాడు, అదీ బైబిలును కొట్టిపారేయాలని కూర్చున్నవాడి నోట. ఒక వచనం పాత ప్రతుల్లో లేదని తెలిసినందుకు వాడు గుడి మానడు. ఇన్నేళ్లూ తన దగ్గర దాచారని తెలిసినందుకు మానేస్తాడు.

ఒక్కసారి తలుపు తీస్తే ఎక్కడ ఆగుతుందని అడిగేవాళ్లున్నారు. ఆదికాండం మొదటి అధ్యాయంలో జంతువుల తర్వాత మనిషి, రెండో అధ్యాయంలో మనిషి తర్వాత జంతువులు అని ఒప్పుకుంటే, రేపు యేసు తిరిగి లేచిన పునరుత్థానాన్నీ కథ అంటారు కదా అని వారి ఆందోళన. ఆ ఆందోళన వెనుక ఉన్నది వాక్యం మీది ప్రేమే, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కానీ పరిశోధన తీసుకుపోవడమే తప్ప ఏమీ ఇవ్వదని వారు అనుకుంటున్నారు. అక్కడే పొరపాటు జరుగుతోంది.

మొదటి కొరింథీ పత్రిక 15వ అధ్యాయం చూడండి. పౌలు ఆ పత్రిక రాసింది సుమారు క్రీ.శ. 54, 55లలో. మూడో వచనంలో, తనకు అప్పగించబడిన దాన్నే తాను మీకు అప్పగించానంటాడు. ఆ వెంటనే వచ్చే వాక్యాల తూకం, పౌలు మామూలుగా వాడని పదాలు, కేఫా (పేతురు), పన్నెండుగురు శిష్యులు అన్న వరుస చూసి అది పౌలు సొంత రాత కాదని, క్రీస్తు చనిపోయి తిరిగి లేచాడని అంతకుముందే సంఘాలు కంఠస్థం చేసిన విశ్వాసపు ఒప్పుకోలు అని తేల్చింది విమర్శనాత్మక పరిశోధనే. సిలువ తర్వాత కొద్ది సంవత్సరాలకే అది రూపు దిద్దుకుందని విశ్వాసం లేని పండితుల్లోనూ చాలామంది ఒప్పుకుంటారు. తాళం వేసి కాపాడదామనుకున్న దానికి ఇంతకన్నా బలమైన చారిత్రక ఆధారం ఇంకేదుంది? దాన్ని మనకు వెతికిపెట్టింది మనం అనుమానించిన పద్ధతే.

దీన్ని సంఘంలో మొదలుపెట్టడానికి డిగ్రీలు అక్కర్లేదు. వారం మధ్యలో జరిగే గృహ కూడికలో ఒక గంట చాలు. విశ్రాంతి దినాన పంటచేలో యేసు శిష్యులు వెన్నులు తుంచుకున్న ఘట్టం చెప్పే మార్కు 2:23-28, మత్తయి 12:1-8, లూకా 6:1-5 మూడింటినీ ఒకే కాగితం మీద మూడు నిలువు వరుసల్లో రాసుకోవాలి. మూడింటిలో ఉన్న మాటల కింద ఎర్ర గీత, రెండింటిలో ఉన్నవాటికి నీలం, ఒక్కదానిలోనే ఉన్నవాటికి ఆకుపచ్చ. పావుగంట తిరిగేసరికి కాగితమే మాట్లాడుతుంది. వెన్నులను చేతులతో నలుపుకుని తిన్నారన్నది లూకాలోనే ఉంది. కనికరాన్ని కోరుతాను గాని బలిని కాదు అన్న హోషేయ ప్రవక్త మాట మత్తయిలోనే. విశ్రాంతి దినమే మనుషుల కోసం అన్న మాట మార్కులోనే ఉంది, మిగతా ఇద్దరూ వదిలేశారు. ఇక దావీదు దేవుని మందిరపు రొట్టె తిన్నప్పుడు అబ్యాతారు ప్రధాన యాజకుడని మార్కు 2:26లో ఉంది, మొదటి సమూయేలు 21లో మాత్రం దావీదుకు రొట్టె ఇచ్చింది అహీమెలెకు. మత్తయి, లూకా ఇద్దరూ ఆ పేరే తీసేశారు. మార్కును ముందు పెట్టుకుని రాశారనడానికి ఇలాంటి ఆనవాళ్లు చాలా ఉన్నాయి. అనేకులు రాయ పూనుకున్నారని, తానూ అన్నీ మొదటి నుంచి తరచి తెలుసుకున్నానని లూకా తన మొదటి నాలుగు వచనాల్లోనే చెప్పుకున్నాడు కూడా.

ఇక్కడ రెండు చోట్ల పని చెడుతుంది. ఒకటి, తేడా కనబడగానే నడిపించేవారు కంగారుపడి సర్దిచెప్పేస్తారు. దాంతో అడిగినవాళ్లు మళ్లీ అడగరు. ముందు తేడాను తేడాగా చూడనివ్వాలి, మత్తయికి ఆ హోషేయ మాట ఎందుకు అవసరమైందో తర్వాత అడగాలి, ప్రసంగం అక్కడ పుడుతుంది. రెండోది, ఫోన్ యాప్‌లు. చాలా యాప్‌లలో అచ్చు ప్రతి అడుగున ఉండే గమనికలు ఉండవు, కాబట్టి ఈ పనికి పుస్తకమే ముందుండాలి. మొదటి వారమే పునరుత్థాన కథనాలతో మొదలుపెట్టడమూ మంచిది కాదు, పంటచేను లాంటి చిన్న ఘట్టంతో చేయి తిరగనివ్వాలి.

బమ్మెర పోతన పుట్టిన నేల ఇది. ఆయన పేరున్న భాగవతంలో ఐదో స్కంధం గంగన, ఆరోది ఏర్చూరి సింగన, పదకొండు, పన్నెండు వెలిగందల నారయ పూర్తిచేశారని అచ్చు పుస్తకాల పీఠికల్లోనే ఉంటుంది. అది చదివి గజేంద్ర మోక్షం పాడటం మానినవారు లేరు. యెషయా గ్రంథంలో 40వ అధ్యాయం నుంచి బబులోను చెరకాలపు మరో ప్రవక్త గొంతు వినిపిస్తోందని, 45:1లో ఆ చెరను ముగించిన పారసీక రాజు కోరెషు పేరు అందుకే ఉందని చెబితే మనవాళ్లు తట్టుకోలేరని ఎందుకు అనుకోవాలి? కథోలిక సంఘమైతే 1943లోనే, మళ్లీ 1965 వాటికన్ మహాసభలో, గ్రంథ రచయితలు వాడిన సాహిత్య రూపాలను పరిశీలించమని అధికారికంగా చెప్పింది.

తట్టుకోలేరన్న ఆ అంచనా వెనుక నాకు కనిపిస్తున్నది పాత పెత్తనం. ఉత్తర తెలంగాణ సంఘాల్లో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవారు. అక్షరం ముట్టనివ్వని ఊళ్లలో వారి చేతికి పుస్తకం వచ్చింది బడితో, బైబిలుతో. 1912లో బిషప్ అయిన అజరయ్య డోర్నకల్ కేంద్రంగా నడిపిన పనిలో చదువు పెద్ద భాగం. అలా అక్షరం గెలుచుకున్నవారి మనవళ్లకు, మునిమనవళ్లకు ఆ పుస్తకం ఎలా తయారైందో ఇంగ్లిషు చదివినవారికే తెలిస్తే చాలనడం అన్యాయం. తెలుగులో చదివేవారు చిన్నపిల్లలు కారు. బి.డి. తరగతుల్లో చెప్పే పాఠాలు ముప్పై, నలభై పేజీల చిన్న పుస్తకాలుగా, తేట తెలుగులో, సండే స్కూల్ టీచర్ల చేతికి రావాలి.

ఇది ప్రాణాల మీదికి వచ్చే విషయం కూడా. విశ్వాసం ఉంటే మందులు మానేయమని చెప్పే స్వస్థత కూటాల్లో ఎక్కువగా వినిపించే వచనాల్లో మార్కు 16:18 ఒకటి. మరణకరమైనది తాగినా హాని చేయదు, రోగుల మీద చేతులుంచితే బాగవుతారు అన్నది అక్కడే ఉంది. సైనాయ్, వాటికన్ ప్రతుల్లో మార్కు సువార్త 16:8 దగ్గరే ముగుస్తుంది. వారు భయపడినందున ఎవనితో ఏమియు చెప్పలేదు అన్నదే వాటిలో చివరి మాట. షుగర్ మాత్రలు పక్కన పెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్న ఒక తల్లికి ఈ సంగతి చెప్పాల్సింది ఆమె సొంత పాస్టరే. వచ్చే ఈస్టర్‌కు మార్కు 16 చదివే ప్రతి గుడిలో ఎనిమిదో వచనం దగ్గర ఆగి, ఈ మాట చెప్పి, ఆ తర్వాతే తొమ్మిదో వచనం మొదలుపెట్టాలి.