షురువమ్మ తల్లికి బహిరంగ లేఖ

తల్లీ షురువమ్మా,

పోచమ్మకు బోనం ఎత్తుతం, మైసమ్మకు కోడిని కోస్తం. నీకు మాత్రం కొత్త ఊలు ఉండ ఒక్కటి చాలు. అది ముందల పెట్టంగనే పూనకం వస్తది. నీకు గాదు, నాకు.

మొన్న ఆదివారం బీరువ మీది సంచులన్నీ దించి లెక్క తీసిన. మా ఇంటాయన నీలం స్వెట్టర్: వీపు అయింది, ముందు భాగం చంకల దాక వచ్చి ఆగింది. మనుమని తెల్ల స్వెట్టర్: బిడ్డకు ఏడో నెల ఉన్నప్పుడు ఎత్తుకున్న, వాడిప్పుడు ఆటో ఎక్కి యూకేజీకి పోతున్నడు. అత్తమ్మ మెరూన్ శాలువ: జానెడు. పసుపు టోపీ ఒకటి. సాక్సు, ఔ, ఒకటే. రెండోది అల్లాలంటే మొదటిదాంట్ల ఎన్ని కుట్లు ఎక్కించిన్నో, మడిమ ఎక్కడ తిప్పిన్నో యాదికి రావాలె. రాసిపెట్టుకుందునా, అప్పటికే నువ్వు ఇంకో దిక్కు గుంజుకపోతివి.

మొదటి నాలుగు అంగుళాలు నువ్వు చెయ్యి ఆగనియ్యవు. అంచుకు ఒకటి సీదా, ఒకటి ఉల్టా అని నిద్రల గూడ లెక్క పెట్టిస్తవు. ఆ అంచు అయిపోయి నడుము నుంచి చంక దాక సాదా అల్లిక వస్తది సూడు. ఒక వరుస సీదా, ఒక వరుస ఉల్టా, మల్ల సీదా, మల్ల ఉల్టా. సరిగ్గ అప్పుడే చెవుల ఊదుతవు: "చౌరస్తా దుకాణంల లేత గులాబి వచ్చిందట."

సూదుల ముచ్చట చెప్తె నువ్వే సిగ్గుపడాలె. మన దిక్కు సూదులకు నంబరు పెరిగినకొద్ది లావు తగ్గుతది. ఎనిమిదో నంబరు 4 మిల్లీమీటర్లు, పదోది 3.25. నీలం స్వెట్టర్ పదో నంబరు మీద ఉండె. పసుపు టోపీ పుట్టంగనే ఆ సూదులు గుంజుకొని, నీలం కుట్లను ఒక దారానికి ఎక్కించి సంచిల పడేసిన. కాజీపేటకు ఇస్తమన్న రైలు కోచ్ ఫ్యాక్టరీ 1980లల్ల పంజాబ్‌ల ఉన్న కపుర్తలకు పోయినట్టే. కాజీపేటోళ్లు ఇప్పటికీ ఆ మాట ఎత్తుతరు, నీలం స్వెట్టర్‌కు పాపం నోరు లేదు. ఆర్నెల్లకు దాన్ని మల్ల అందుకున్న, చేతికి దొరికిన ఎనిమిదో నంబరుతోటి. కుట్ల లెక్క అదే, బట్ట మాత్రం అక్కడి నుంచి వెడల్పయింది. మా ఇంటాయన ఒంటికి పెట్టి చూసుకొని, "కింద నేను, పైన మా అన్న పడుతం" అన్నడు.

ఆ స్వెట్టర్ చేతులకు ఊలు సాలలే. లేబుల్ మీద రంగు నంబరు పక్కన లాట్ నంబరు ఉంటది. ఒక్కో లాట్‌ది ఒక్కో అద్దకం, అందుకే కావాల్సిందంత ఒక్కసారే కొనాలె. తెలవక గాదు, ఆ రోజు పైసలల్ల సగం గులాబి ఊలుకు పోయినయ్. తర్వాత తెచ్చిన ఉండ ట్యూబులైటు కింద కవల పిల్ల లెక్క కలిసిపోయింది. డాబా మీదికి తీస్కపోతె ఎండల సవతి బిడ్డ.

నువ్వు మగ్గం జోలికి ఎందుకు పోవో ఇప్పుడు తెలిసింది. వరంగల్ కొత్తవాడల దర్రీలు, అంటే జంపఖానాలు, నేసేటోళ్ల ఇంట్ల నీ పప్పులు ఉడకవు. ఉత్తగనే రాలేదు ఆ దర్రీలకు 2018ల భౌగోళిక గుర్తింపు. మగ్గానికి పడుగు కట్టినంక, అది దిగిందాక ఇంకో పడుగు ముచ్చటే లేదు. గొంగడి నేసే కురుమ తాతదీ అంతే: గుంత మగ్గం ఒకటి, చింతగింజల గంజి పట్టిన పడుగు ఒకటి. నీకు కావాల్సింది నా అసొంటోళ్లు. సూదుల జత చవక, సంచి ఇంకా చవక, ఏమైందని అడిగేటోడు లేడు.

పోనీ మనది సిమ్లానా? డిసెంబర్, జనవరి దాటితె చలి శివరాత్రికి శివశివా అనుకుంట పోతది. రోళ్లు పగిలే రోహిణి కార్తెల గులాబి ఊలు ఒడిల పెట్టుకొని కూసుండబెట్టినవు నన్ను. చెమట చేతుల ఊలు జారదు, కుట్లు బిగుసుకుంటయ్. విసుగొచ్చి దాన్ని గూడ సంచిల పెట్టిన. శాలువనైతే వరుస నడుమల వదిలేస్తి, సూది ఉన్న జాగల గీత పడ్డది, ఉతికినా పోలే. ఆ జానెడు ముక్కను చేతుల పట్టుకొని అత్తమ్మ అన్నది: "మూడు చలికాలాలు పాయె బిడ్డా. నన్ను పంపేనాడన్న కప్పుతవా?"

ఆ మాట గుచ్చుకున్నది. ఇగ ఒకటి దించిందాక ఇంకోటి ఎక్కియ్యనని దేవుని అర్ర ముందట ఒట్టు పెట్టుకున్న. మనుమనికి ఎట్లనూ పట్టదు గదా అని తెల్ల స్వెట్టర్‌ను మొత్తం విప్పిన. ఊలంత మ్యాగీ లెక్క వంకరలు. కుర్చీ వీపుకు చుట్టి, చుట్ట తీసి, నీళ్లల్ల ముంచి, కింద చెంబు కట్టి దండేనికి ఏలాడదీసిన. ఆరేసరికి తీగ లెక్క సాపయింది.

పొద్దుమూకి అత్తమ్మ రెండు చేతులకు ఆ చుట్ట తొడిగి, ఎదురుంగ కూసొని ఉండ చుడుతున్న.

"ఇది దేనికి బిడ్డా?"

"శాలువకే అత్తమ్మా."

చేతులు కదపకుంటనే నా మొకం దిక్కు చూసింది.

"శాలువ మెరూన్‌ది గదా?"

ఇట్లు,
ఏడు జతల సూదులున్నా పదో నంబరు దొరకని
నీ హనుమకొండ భక్తురాలు