మాయ పోయింది, క్లోమం అదే

(గర్భంలో షుగరు వచ్చి, కాన్పుతో తగ్గిపోయిన స్త్రీని ఆ తర్వాతా పరీక్షిస్తూ ఉండాలా? కాన్పులు చేసే డాక్టరుకీ, షుగరు చూసే డాక్టరుకీ వాదన.)

గైనకాలజిస్టు: బిడ్డ వెనకే మాయ (ప్లాసెంటా) బయటికొచ్చింది, ఇన్సులిన్‌కి అడ్డుపడే హార్మోన్లూ దాంతోపాటే పోయాయి. షుగరు మామూలైంది. ఇంకా ఆమెను పేషెంటంటారేం డాక్టరు గారూ?

ఫిజీషియన్: ఆ హార్మోన్లు గర్భిణులందరికీ ఉంటాయి మేడమ్. వాటికి దీటుగా ఇన్సులిన్ చేయలేక చేతులెత్తేసింది ఈమె క్లోమం. మాయ పోయినా క్లోమం అదేగా! టైప్ 2 షుగరు ముప్పు మిగతా తల్లులకన్నా ఏడు నుంచి పది రెట్లు. పోనీ, షుగరు రాలేదనుకుందాం. 2019లో 50 లక్షల పైచిలుకు స్త్రీల లెక్కలు కలిపి చూస్తే గుండెపోటు, పక్షవాతం వంటివి వీళ్లలో దాదాపు రెట్టింపు. తర్వాత షుగరు రానివాళ్లలోనూ ఒకటిన్నర రెట్లు.

గైనకాలజిస్టు: ఎంతకి రెట్టింపు? ముప్పయ్యేళ్ల మనిషికి గుండెపోటు అవకాశమే బహు తక్కువ. రెండుతో హెచ్చవేసినా తక్కువే. ఆ మాట మింగేసి రెట్లు మాత్రం చెబితే బెదిరించినట్టే.

ఫిజీషియన్: ఒప్పుకున్నాను. అందుకే మాత్రలు రాయమనడం లేదు, చూస్తూ ఉండమంటున్నాను.

గైనకాలజిస్టు: ఆరు వారాల పసిబిడ్డతో పరగడుపున వచ్చి, గ్లూకోజ్ తాగి ల్యాబులో రెండు గంటలు ఎవరు కూర్చుంటారు? అందుకే నేను హెచ్‌బీఏ1సీ రాస్తాను. ఎప్పుడొచ్చినా రక్తం ఇచ్చి వెళ్లొచ్చు.

ఫిజీషియన్: అసలు చిక్కంతా ఆ పరీక్షతోనే. అది ఎర్రకణాల్లో అంటుకున్న షుగరును బట్టి చెప్పే, గడిచిన రెండు మూడు నెలల సగటు, అంటే గర్భం నాటి రోజులూ అందులో కలుస్తాయి. కాన్పులో రక్తం పోతే కొత్త ఎర్రకణాలు పుట్టి అంకె తక్కువగా కనిపిస్తుంది. ఐరన్ లోపముంటే ఎక్కువగా కనిపిస్తుంది. బాలింతకి ఈ రెండూ ఉండొచ్చు. కాన్పయ్యాక 4 నుంచి 12 వారాల మధ్య గ్లూకోజ్ తాగించే పరీక్షే చేయాలి. అదీ తిన్నగా చేయాలి. గర్భం నాటి పథ్యం ఇంకా చేస్తుంటే అంకె లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. అందుకని ముందు మూడు రోజులు పిండిపదార్థాలు రోజుకి 150 గ్రాములకు తగ్గకూడదు. గ్లూకోజ్ 75 గ్రాములు, నీటి అణువు కలిసిన మోనోహైడ్రేట్ పొడి అయితే 82.5. అయిదు నిమిషాల్లో తాగాలి, తర్వాత నడవకూడదు, వాంతయితే ఆ రోజు పరీక్ష చెల్లదు. తీసిన రక్తాన్ని అలాగే వదిలేస్తే గంటకి 5 నుంచి 7 శాతం గ్లూకోజును కణాలే తినేస్తాయి. పరగడుపున 126, రెండు గంటలకి 200, లేదా ఆపైన ఉంటే షుగరే. 100, 140 దగ్గర్నుంచి హద్దు మీదున్నట్టు.

గైనకాలజిస్టు: పొడి తూకం బాగానే ఉంది. చేయించుకోని మేలిమి పరీక్షకన్నా చేయించుకున్న నాసి పరీక్ష నయం కాదూ?

ఫిజీషియన్: నాసి పరీక్షలో "నార్మల్" అని వచ్చిందంటే ఆమె మళ్లీ గడప తొక్కదు మేడమ్.

గైనకాలజిస్టు: హద్దు మీదుందని తేలాక మాత్రం ఏం చేస్తారు? నడవమంటారు!

ఫిజీషియన్: అమెరికా డయాబెటిస్ నివారణ ప్రయోగంలో చేసింది అదే. వారానికి 150 నిమిషాల నడక, 7 శాతం బరువు తగ్గించడం. గర్భంలో షుగరు వచ్చి వెళ్లినవాళ్లలో జబ్బు సుమారు సగానికి పడిపోయింది. మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్రతోనూ అంతే.

గైనకాలజిస్టు: వాళ్లకి కాన్పై సగటున పన్నెండేళ్లు. చంకలో పసిబిడ్డ లేదు, రాత్రి నిద్రకి లోటు లేదు.

ఫిజీషియన్: ...అది నిజమే. బాలింత మీద ఆ అంకె రుద్దలేం. కానీ పన్నెండేళ్ల తర్వాతైనా పనిచేసిందంటే, అప్పటిదాకా ఆమె మన లెక్కలో ఉండాలిగా? డిశ్చార్జి కాగితంలో "షుగరు తగ్గింది" అని ముగించేది మీరే.

గైనకాలజిస్టు: తప్పంతా నాదేనా? మీ ఓపీకి పంపినవాళ్లని "రిపోర్టు బాగుంది, ఇక రానక్కర్లేదు" అని తిప్పి పంపింది ఎవరు?

ఫిజీషియన్: సరే, ఇద్దరిదీ.

గైనకాలజిస్టు: ఏం రాయాలో చెప్పండి.

ఫిజీషియన్: గ్లూకోజ్ పరీక్ష తేదీ. బాగుంటే ఒకటి నుంచి మూడేళ్లకోసారి, హద్దు మీదుంటే ఏటా. బీపీ ఏటా. కొలెస్ట్రాల్ ఇప్పుడే వద్దు, గర్భంలో పెరిగింది దిగాలి. ఇంకో బిడ్డ కావాలనుకుంటే ముందే షుగరు చూడాలి.

గైనకాలజిస్టు: ఆమె ఫైలులో పెడితే పోతుంది. బిడ్డ టీకాల కార్డుకి పిన్ను కొడతాను, ఆరో వారం ఎలాగూ అది పట్టుకునే వస్తుంది. పరగడుపున రమ్మని కూడా దానిమీదే రాస్తాను.