సహారా ఎగుమతికి బిల్లేదీ?

సహారా ఎడారి మీద నాది ఒకటే ఫిర్యాదు. దానికి వ్యాపారం చెయ్యడం చేతకాదు.

లెక్క చూడండి. 2006లో నాసా, ఫ్రాన్స్ కలిసి కాలిప్సో అనే ఉపగ్రహాన్ని పైకి పంపాయి. కిందికి లేజర్ వేసి, గాలిలో దుమ్ము ఏ ఎత్తులో ఎంతుందో చూడటం దాని డ్యూటీ. సుమారు 700 కిలోమీటర్ల ఎత్తున పెట్టిన వేబ్రిడ్జి అనుకోండి. 2007 నుంచి 2013 దాకా అది తూచిన ప్రకారం, ఏటా సగటున 18.2 కోట్ల టన్నుల దుమ్ము ఆఫ్రికా దాటి అట్లాంటిక్ మీదికి లేచిపోతోంది. అందులో 2.77 కోట్ల టన్నులు అమెజాన్ అడవి మీద రాలుతోంది. పది టన్నుల లారీలకెత్తితే 27 లక్షల పైచిలుకు లోడ్లు. ఒక్కదానికైనా వే బిల్లు ఉందా?

ఉత్త దుమ్మే కదా అని తీసిపారెయ్యకండి. చాడ్ దేశంలో బొడేలే అనే పల్లం ఉంది. ఒకప్పుడు మహా సరస్సు. నీళ్లు ఎండాక, అందులో బతికిన డయాటమ్‌లనే కంటికానని నాచుజీవుల గుల్లలు తెల్లటి పొడిగా మిగిలాయి. ఈశాన్య గాలి టిబెస్టి, ఎన్నెడి కొండల సందులో దూరి, ఖాళీ సందు దొరికిన బైకు కుర్రాడిలా వేగం పెంచి, ఆ పొడిని ఎత్తుకుపోతుంది. ఉపగ్రహ ఫొటోలో చూస్తే ఎవరో మైదా డబ్బా చేజార్చుకున్నట్టే ఉంటుంది.

అమెజాన్‌కు చేరే ఆ దుమ్ములో ఏటా 22 వేల టన్నుల ఫాస్ఫరస్. వానలకూ వరదలకూ ఆ అడవి పోగొట్టుకునేదీ ఇంచుమించు అంతేనట! ఇండెంటు పెట్టలేదు, వేలిముద్ర వెయ్యలేదు, ఎరువు నెత్తిన కురుస్తోంది. యూరియా కోసం క్యూలో చెప్పులు పెట్టి, చెట్టు కింద కూర్చున్న మన రైతుకు మాత్రం ఈ సంగతి చెప్పకండి.

కాబట్టి చాడ్ వెంటనే బ్రెజిల్‌కు బిల్లు పంపాలి. చిన్న చిక్కుంది. ఆ సరుకులో బొడేలే వాటా ఎంత, మిగతా సహారాది ఎంత అన్నది శాస్త్రవేత్తలే ఇంకా తేల్చుకోలేదు. అన్నదమ్ముల గట్టు తగాదా లాంటిది, సర్వేయరును పిలిచినా తెగదు. పైగా 2020 జూన్‌లో గాడ్జిల్లా అని ముద్దుపేరు పెట్టుకున్న దుమ్ము మేఘం కరీబియన్ దీవుల ఆకాశాన్ని మజ్జిగలా మార్చి, అమెరికా దక్షిణ తీరం దాకా పోయింది. దగ్గుమందుల ఖర్చు మినహాయించుకోమని వాళ్లు ఎదురు బిల్లు పెట్టరా? టెక్సస్‌లో మనవాళ్లు కారు కడిగించిన రశీదులు దాచుకునే ఉంటారు.

ఇక లోకల్ షార్టేజీ ఒకటి. సహారా నుంచి హర్మటాన్ అనే పొడి గాలి వీచే రోజుల్లో చాడ్ రాజధాని న్జమేనాలో తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కుకున్నా అన్నంలో పళ్లకింద ఇసుక కరకరమంటుంది. ఆ నష్టం ఏ పద్దులో రాయాలో నాకూ తోచలేదు. పై నుంచి తీసిన ఫొటోలో అది పడదు. ఫొటో మాత్రం బ్రహ్మాండం, నా ఫోన్‌కు వాల్‌పేపర్ అదే.

బిల్లు పంపేదేదో త్వరగా పంపాలి. కాటా వేసిన కాలిప్సో 2023లోనే రిటైరైంది. రేపు కోర్టులో సాక్ష్యం చెప్పమంటే కిందికి దిగి వచ్చే రకం కాదు.