ఇంటికో మిలటరీ లారీ

ఉత్తరాంధ్ర ఎందుకు వెనకబడిందో చెప్పమంటే మేధావులు వంశధార నీళ్ళ దగ్గర మొదలుపెట్టి, కుర్రాళ్ళు పనుల కోసం చెన్నైకీ హైదరాబాదుకీ రైలెక్కడం దగ్గర ఆపుతారు. ఇవన్నీ పైపై కారణాలు. అసలు కారణం నేను కనిపెట్టాను. మాకు ఇంటికో మిలటరీ లారీ లేదు. నాకు తెలిసి మా చుట్టుపక్కల ఒకటే ఉంది. అది మా బావది. నరసన్నపేట దగ్గర మా ఊళ్ళో చింతచెట్టు కింద ఉంటుంది. ఏటా దాని తొట్టిలో మినుములు ఎండుతాయి.

దాన్ని జబల్‌పూరు నుంచి తోలుకొచ్చిన ఇద్దరిలో నేనొకణ్ణి కాబట్టి ఈ విషయం మీద మాట్లాడే అర్హత నాకుంది.

బావకి చిన్నప్పటి నుంచీ సైన్యంలో చేరాలని. భర్తీ ర్యాలీ పెట్టారంటే చాలు, బూట్లు అరువు తెచ్చుకుని మరీ వెళ్ళేవాడు. 1,600 మీటర్ల పరుగులో ఆఖరి రౌండుకి వచ్చేసరికి ఊపిరందక కూలబడేవాడు. మూడుసార్లూ అదే చోట. వయసు మీరిపోయాక ఒకరోజు, "సైన్యంలోకి నేనెల్లలేకపోతే, సైన్యంలోంచే ఏదోటి నా దగ్గరికి రావాల గదా" అన్నాడు. తర్కంలో నాకు తప్పేమీ కనిపించలేదు. మా అప్పకి, అదే మా అక్కకి, కనిపించింది. "పిచ్చి గాని ఎక్కిందేటి?" అంది.

కాలం చెల్లిన బండ్లను సైన్యం వేలం వేస్తుంది. పెద్ద వ్యాపారులు లాట్ల లెక్కన పాడుకుంటారు. వాళ్ళ యార్డుల్లోంచి బావలాంటివాళ్ళు ఒక్కోటి కొనుక్కుంటారు. ఆ వేలం షరతుల్లో ఒక మాట ఉంటుంది: యాజ్ ఈజ్, వేర్ ఈజ్. ఎలా ఉన్నది అలా, ఎక్కడున్నది అక్కడ. అమ్మకాల చరిత్రలో ఇంత నిజాయితీగల మాట ఇంకోటి లేదు. పెళ్ళి శుభలేఖల మీద అచ్చు వేయించదగ్గది.

బావ కొన్నది శక్తిమాన్. మాన్ అనే జర్మనీ కంపెనీ లైసెన్సుతో జబల్‌పూరులోని వాహన కర్మాగారంలోనే తయారయ్యేది. 1996లో తయారీ ఆపేశారు. అంటే మేం కొన్నది లారీని కాదు, పుట్టింట్లోనే ముసలిదైపోయిన ఆడపడుచుని. యార్డులో ఇంకో బండికి కట్టి లాగి స్టార్టు చేసి చూపించారు. సెల్ఫ్ పనిచెయ్యదట. "మిలటరీ బండి, తోస్తే చాలు" అన్నారు. అయిదారు టన్నుల ఇనుమును ఎవరు తోస్తారన్నది వాళ్ళూ చెప్పలేదు, బావా అడగలేదు.

అలా సంక్రాంతి వెళ్ళిన రెండోవారం బయలుదేరాం. మాండ్లా, కవర్ధా, రాయపూర్, కాంకేర్, జగ్దల్‌పూర్, కోరాపుట్, సాలూరు. తొమ్మిది వందల చిల్లర కిలోమీటర్లు. ఈ దారిలో ఎక్కడెక్కడ వాలుందో నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఇంజను ఆపితే మళ్ళీ రాజెయ్యడానికి వాలొక్కటే దిక్కు. ధాబాలో రొట్టెలు బాగుంటాయా అని మేం ఎక్కడా అడగలేదు. ధాబా ముందు పల్లముందా లేదా, అంతే. పల్లం లేని ధాబాల దగ్గర ఒకడు దిగి పొట్లం కట్టించుకొస్తుంటే ఇంకొకడు యాక్సిలరేటర్ మీద కాలు పెట్టి కూర్చునేవాడు. హెడ్‌లైట్లు ఇంజను తిరిగినంతసేపే, అదీ మిణుగురుల్లా. పొద్దు గూకితే ఏ గట్టు మీదో ఎక్కించి, మూతి కిందికి పెట్టి పడుకోవడమే.

ఛత్తీస్‌గఢ్ మైదానం వరికి మంచిది. మాకు కాదు. రాయపూర్ దాటాక ఒకచోట బండి ఆగిపోయింది. చుట్టూ ఎటు చూసినా బల్లపరుపు. దారినపోయే ఒక రైతు ట్రాక్టరుకి కట్టి లాగాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. "ఫౌజీ గాడీ హై", సైన్యం బండి, అని దణ్ణం పెట్టాడు. బావ ఏమీ అనలేదు. కానీ కాసేపటికి వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాడు. మీసం దువ్వుకోవడం కూడా అక్కడే మొదలైంది.

ఇక్కడ ఆ ఆకుపచ్చ రంగు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. బస్సులు పక్కకి తప్పుకునేవి. బడిపిల్లలు జైహింద్ కొట్టేవారు. 1901లో తెల్లదొరలు చేసిన చట్టం ప్రకారం సైన్యం బండ్లకు టోలు లేదు. మాది రిటైరైన బండి కాబట్టి కట్టాలి. బావ నోట్లు పట్టుకుని కిటికీలోంచి చెయ్యి చాపాడు. లోపలి కుర్రాడు లేచి నిలబడి, నమస్కారం పెట్టి, గేటు ఎత్తేశాడు. "ఆపు బావా, కట్టేసి వద్దాం" అన్నాను. "ఆపితే మళ్ళీ పల్లం నువ్ తెస్తావేటి?" అన్నాడు. మనుషులు నిజాయితీగా ఎందుకుండలేకపోతున్నారో నాకు ఆ రోజు అర్థమైంది.

కేశ్‌కాల్ ఘాట్‌లో పన్నెండు మలుపులు. పవర్ స్టీరింగ్ లేదు. ఒక్కో మలుపుకీ ఇద్దరం కలిసి చక్రాన్ని తిప్పాం, గానుగ తిప్పినట్టు. జగ్దల్‌పూర్ ధాబాలో, మంచి వాలున్న ధాబా అది, యజమాని వచ్చి పోస్టింగ్ ఎక్కడని బావని అడిగాడు. "నరసన్నపేట" అన్నాడు బావ. "అక్కడ పరిస్థితి ఎలా ఉంది?" "ఏం బాగాలేదు." రెండూ నిజాలే. భోజనానికి డబ్బులు తీసుకోలేదు.

కోరాపుట్ దాటి సుంకి ఘాట్ దిగుతుంటే బ్రేకులు తమ వయసు చెప్పుకున్నాయి. కోడి రామ్మూర్తి నాయుడుగారు అప్పటికి మా శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్న వీరఘట్టం మనిషి. గొలుసులు కట్టుకుని నడిచే మోటారు కార్లను ఆపేసేవారు. జబల్‌పూరు నుంచి కోరాపుట్ దాకా ఎక్కడపడితే అక్కడ తనంతట తనే ఆగిన మా లారీకి ఆయన అవసరం సరిగ్గా సుంకిలో పడింది. మొదటి గేరులో, నడిచే మనిషి వేగంతో దిగాం. వెనక ఇరవై లారీలు బారు తీరాయి. ఒక్కడూ హారన్ కొట్టలేదు. సైన్యం ఇంత నెమ్మదిగా దిగుతోందంటే ముందు ఏదో గట్టి కారణమే ఉంటుందనుకున్నారు. నేను పైడితల్లి అమ్మవారికి మొక్కుకున్నాను. మొదట ఒక కొబ్బరికాయ, మూడో మలుపు దగ్గర పదకొండు.

సాలూరు. ఇప్పుడు పార్వతీపురం మన్యంలోకి వెళ్ళింది గానీ, అప్పటికి అది విజయనగరం జిల్లాయే. ఊరంతా లారీల మీదే బతుకుతుంది. మా బండిని చూడగానే పనులాపి వచ్చారు. ఒక పెద్ద మేస్త్రీ చుట్టూ తిరిగి, టైరు మీద తట్టి, "ఇది బండి కాదు బావూ, పెన్షనరు" అన్నాడు. బ్రేకులు బాగుచేశారు. సెల్ఫ్ కూడా చూస్తామన్నారు. బావకి రోషం వచ్చింది. "మిలటరీ ఇంజను. మీకు అందదు" అన్నాడు. సాలూరులో నిలబడి సాలూరు మేస్త్రీలతో ఆ మాట అన్నవాడు బావ ఒక్కడే అయ్యుండాలి.

పెయింటరు మాత్రం వదల్లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 121వది ఒకటుంది. రక్షణ శాఖ బండికి తప్ప ఇంకే బండికీ ఆలివ్ గ్రీన్ రంగు ఉండకూడదు. ఈ రంగుతో రిజిస్ట్రేషన్ అవదన్నాడు. (రిజిస్ట్రేషన్ కథ ఇంకో వ్యాసం. రెండు భాగాలుగా రావచ్చు.) అతని దగ్గర మిగిలిపోయిన పసుపు రంగు ఉంది. తలుపుల మీద బాతులు, తామరపూలు ఉచితం అన్నాడు. రంగు వేస్తున్నంతసేపూ బావ అటు తిరిగి కూర్చున్నాడు.

సాలూరు నుంచి విజయనగరం అరవై కిలోమీటర్లుండదు. అదే లారీ, అదే బావ, అదే మీసం. మూడుచోట్ల విజిలేశారు. తాత్కాలిక రిజిస్ట్రేషన్ చూపించాం. ఇన్సూరెన్స్ చూపించాం. అమ్మకం కాగితం చూపించాం. "లోడేటి?" అన్నారు. ఖాళీ అన్నాం. "ఖాళీగా ఎందుకెల్తన్నారు?" అన్నారు. దీనికి మా దగ్గర కాగితం లేదు. ఒక టీకొట్టు కుర్రాడు అడ్డంగా పెట్టామని తిట్టాడు. పైడితల్లి గుడి దగ్గర పల్లం లేదు కాబట్టి, నేను దిగి పదకొండు కాయలూ కొట్టి వచ్చేదాకా బావ ఇంజను ఆపలేదు. అక్కడా తిట్లే.

అందువల్ల, ప్రభుత్వం ఇంటికో మిలటరీ లారీ పథకం ఎప్పుడు పెట్టినా ఒక విన్నపం. రంగు ఇస్తే చాలు. లారీ లేకపోయినా ఫరవాలేదు.

మా ఊరు బల్లపరుపు. చింతచెట్టు కింద ఇంజను ఆపిన క్షణంలోనే మా ఇద్దరికీ ఆ సంగతి గుర్తొచ్చింది. బండి అక్కడే ఉండిపోయింది. 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ బండ్లను తుక్కు చెయ్యాలన్నారు, దేశ రక్షణకు వాడే ప్రత్యేక వాహనాలకు మినహాయింపు అన్నారు. ఆ మినహాయింపు తనకీ వర్తిస్తుందని బావ ఇప్పటికీ వాదిస్తాడు. ఆ లారీ గురించి ఇంట్లో జరిగే యుద్ధం చూస్తే కాదనలేం.

మేం వచ్చిన మూడోవారానికే అప్ప మినుములు తెచ్చి తొట్టిలో ఆరబోసింది. వెనక తలుపు దించి, చుట్టూ గోనెసంచులు కూడా పరిచింది. ఆ సాయంత్రం హవల్దారు తాత సైకిలు ఆపాడు. సైన్యంలో ఇరవైరెండేళ్ళు డ్రైవరు. ఇప్పుడు శ్రీకాకుళంలో ఒక ఏటీఎం ముందు నీలం చొక్కా వేసుకుని కూర్చుంటాడు. ఊళ్ళో ఆయనకి సెల్యూట్ కొట్టినవాణ్ణి నేను చూడలేదు. లారీ చుట్టూ ఒకసారి తిరిగాడు. బాతుల్ని చూసి మాట్లాడలేదు. ఎక్కి కూర్చుని, సీటు పక్కన ఇనప మూత తీసి, లోపల ఏదో పిడి తిప్పి, బటన్ నొక్కాడు.

బండి ఒక్క పిలుపుకే పలికింది.

"బేటరీ స్విచ్చి ఆపేసుంది" అన్నాడు తాత. "జబల్‌పూరు నుంచి ఎలా తెచ్చార్రా?"

"వాలు చూసుకుని, తాతా" అన్నాడు బావ.

తాత కాసేపు బావ వైపే చూశాడు. తర్వాత గేరు వేశాడు. ఎన్నేళ్ళయిందో ఏమో, ఊరి చుట్టూ ఒక రౌండు కొట్టాలనిపించినట్టుంది. వెనక తలుపులోంచి మినుములు దారి పొడుగునా ధారగా పోతుంటే మా అప్ప చీర ఎగ్గట్టి, "తాతా, ఆపు, నా మినుములు" అంటూ వెనకాల పరిగెత్తింది. మా ఊరి చుట్టూ 1,600 మీటర్లు ఉంటుంది. అప్ప ఎక్కడా ఆగలేదు.